గిన్నె ఎవరు కడగాలి

ఆ ఆఫీసులో ఎవరినీ సొంత పేరుతో పిలిచే అలవాటు లేదు. గాలి లెక్కలు రాసే అమ్మాయిని గాలమ్మాయి అనేవారు. సముద్రం లెక్కలు రాసేది ఆమె వదిన, అంటే సొంత అన్నయ్య భార్య. గాలమ్మాయి పొద్దస్తమానం "వదినా, వదినా" అంటుంటే విని విని, ఆవిడ ఆఫీసుకంతటికీ వదిన అయిపోయింది. ఆఖరికి ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా "వదినగారూ, గొడుగు మర్చిపోయారు" అంటూ గేటు దాకా పరిగెత్తేవాడు.

గాలమ్మాయి మీద ఒక జోకు ఉండేది, పేరుకే గాలి గాని ఆకు కూడా కదలదని. నిజమే, ఆమె మాట్లాడటం తక్కువ. మీటింగుల్లో అందరూ గొంతులు చించుకుంటుంటే ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎవరు ఏ మాట దగ్గర కళ్ళజోడు సర్దుకుంటున్నారో, ఎవరు ఒప్పుకోకుండానే తలూపుతున్నారో చూస్తూ ఉండేది. "నువ్వేమంటావమ్మా?" అని ఎవరైనా అడిగితే "చూసి చెప్తానండీ" అనేది. చూసేది బాగానే. చెప్పడం మాత్రం మర్నాడు ఈమెయిల్లో.

వాళ్ళ సంస్థ చేసే పని రాబోయే ఋతువుల్ని కంప్యూటర్లో ముందుగానే నడిపించి చూడటం. ఎండ ఎంత కాస్తుంది, వాన ఎక్కడ పడుతుంది, ధ్రువాల దగ్గర మంచు ఎంత మిగులుతుంది, ఇవన్నీ లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాని ముద్దుపేరు బండ. సంస్థకి పెద్ద అయిన పెద్దాయన తను వయసులో ఉండగా ఒక్క చేతిమీద రాసిన ప్రోగ్రాం అది. గాలీ, సముద్రం, నేలా, మంచూ అన్నీ కలిసి ఒకటే ముద్ద. ఎక్కడ గాలి అయిపోయి ఎక్కడ సముద్రం మొదలవుతుందో రాసినాయనకే గుర్తులేదు. గాలిలో ఒక అంకె మారిస్తే ఎక్కడో నేల మీద వాన ఆగిపోయేది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా గాలమ్మాయి బండకి మాట్లు వేసింది. మాటు వేయడానికి ఒక పూట పడితే, వేయడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి వారాలు పట్టేది.

ఆ తర్వాత వచ్చింది ముక్కల పద్ధతి. గాలి ఒక ముక్క, సముద్రం ఒక ముక్క, మంచు ఒక ముక్క. ప్రతి ముక్కకీ పోర్టులని ద్వారాలు ఉంటాయి. ఈ ద్వారంలోంచి ఫలానాది ఇస్తాను, ఆ ద్వారంలోంచి ఫలానాది కావాలి, అంతవరకే బయటికి చెప్పాలి. లోపల ఎలా చేసుకుంటావో నీ ఇష్టం. ద్వారం దగ్గర మాత్రం స్టాండర్డు, అంటే అన్ని సంస్థలూ ఒప్పుకుని రాసుకున్న నియమాల పుస్తకం, ఎలా చెప్తే అలాగే ఉండాలి. అలా ఉంటే ఈ సంస్థ గాలికి ఇంకో సంస్థ సముద్రాన్ని తెచ్చి తగిలించొచ్చు. వేల ప్రాసెసర్లున్న పెద్ద యంత్రం మీద గాలికి కొన్ని, సముద్రానికి కొన్ని పంచిపెట్టి రెండింటినీ ఒకేసారి నడిపించొచ్చు.

"అడుగడుక్కీ తలుపులు పెడుతున్నారు. తలుపులు తీసి వేసేసరికే ఉన్న స్పీడంతా పోతుంది నాయనా!" అని పెద్దాయన మొదట్లో గింజుకున్నాడు. తర్వాత తనే కూర్చుని కొలిచాడు. తలుపుల దగ్గర పోయే సమయం ఆయన కళ్ళజోడు తుడుచుకునేపాటి కూడా లేదు. "సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతా మాటలు అలాగే ఉంచుతున్నా" అన్నాడు.

ఇప్పుడు కొత్త యంత్రం వచ్చింది. కింది అంతస్తులో, చలిగాలి కొట్టే పెద్ద హాల్లో, వరసగా నిలబెట్టిన బీరువాల్లా ఉంది. దాని మీద బండని ఎక్కించాలా, ముక్కల్ని ఎక్కించాలా అన్నది తేల్చడానికి ఒక రోజు పెట్టారు. ఆ రోజు నోరుమూత పరీక్ష.

అది ఆ వృత్తిలో వాళ్ళు పెట్టుకున్న ఆచారం. ఒకరు రాసిన ముక్కని, దాన్ని మునుపెన్నడూ చూడని మనిషి, స్టాండర్డు ఒక్కటే చదువుకుని తన ముక్కతో కలపాలి. రాసినవాళ్ళు ఆ గదిలోనే కూర్చోవాలి గాని నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. దగ్గినా అనుమానంగా చూస్తారు. నోటితో చెప్పాల్సి వచ్చిందంటే ఆ సంగతి స్టాండర్డులో లేదన్నమాట. స్టాండర్డులో కన్నం కనబడితే అక్కడికక్కడే వాక్యం రాసి, అందరూ ఒప్పుకుంటే చేర్చుకోవచ్చు. కానీ మాట జారినవాళ్ళు మాత్రం ఆ రోజంతా తమ ముక్కని ముట్టుకోకూడదు. ముట్టుకోకపోతే ఫెయిలైనట్టే. రాసినవాళ్ళు తప్ప దాన్ని బాగుచేసే దిక్కెవరు? పైగా శిక్షగా నెల రోజులు ఆఫీసుకంతటికీ టీ పెట్టాలి.

పోయినసారి మాట జారింది వదినే. "అయ్యో, అది కాదండీ!" అని కుర్చీలోంచి లేచి మరీ జారింది. ఆవిడ పెట్టిన టీ ఎంత బాగుందంటే, నెల పూర్తయ్యేసరికి ఆవిడ మళ్ళీ ఎప్పుడు నోరు జారుతుందా అని జనం ఎదురుచూశారు.

ఈసారి ఫెయిలైతే టీతో పోదు. కొత్త యంత్రం మీదికి బండ ఎక్కుతుంది. గాలమ్మాయి రెండేళ్ళు కూర్చుని ఒక్కో వరసా సరిచూసుకుంటూ రాసిన గాలి అటకెక్కుతుంది. ఆమె మళ్ళీ మాట్లు వేసుకోవాలి.

*

పరీక్ష ముందురోజు సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర అన్నయ్య బల్ల మీద చెంచాతో కొట్టాడు.

"ఇదిగో, ఇద్దరికీ చెప్తున్నా. ఈ పూట గాలి వద్దు, సముద్రం వద్దు. నేను పొద్దున్నుంచీ లిఫ్టులో ఇరుక్కున్న ఒక లావుపాటాయన్ని బయటికి లాగాను. ఆ కథ చెప్పనివ్వండి."

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. కథలు చెప్పడమంటే మహా సరదా. కానీ ఆ ఇంట్లో ఆయన వంతు రావడం కష్టం.

"చెప్పండి, వింటాం. ఒక్క నిమిషం," అని వదిన గాలమ్మాయి వైపు తిరిగింది. "అమ్మాయ్, నీ వైపు తేమ పోర్టు సరిచూశావా?"

"చూశాను వదినా."

"చూశావూ! నీ పెళ్ళి నాతో అయిందా, మా చెల్లెలితో అయిందా?" అన్నాడు అన్నయ్య.

"మీతోనే అయింది. గిన్నెలు కడిగేటప్పుడు గుర్తొస్తుంది లెండి," అంది వదిన.

వదిన కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక రూలు పెట్టింది. ఎవరు తిన్న గిన్నె వాళ్ళే కడగాలి. ముగ్గురూ ఉద్యోగాలు చేసేవాళ్ళే, ముగ్గురికీ చేతులున్నాయి, ఇంకేం చర్చ లేదు. ఆ రూలు వచ్చాక ఇంట్లో సింకు ఎప్పుడూ ఖాళీయే. వంటింటి బల్ల కూడా ఖాళీయే, కాబట్టి ఆఫీసు కాగితాలు పరుచుకోవడానికి వీలుగా ఉండేది. నిజం చెప్పాలంటే గాలికీ సముద్రానికీ మధ్య ఉన్న పోర్టుల్లో సగం ఆ బల్ల మీద తేలినవే. ఒకరు గిన్నె తోముతుంటే ఇంకొకరు తుడుస్తూ, "వేడి నువ్వెప్పుడిస్తావ్?" "నా లెక్క ఒక అడుగు వేయగానే" అనుకుంటూ తేల్చేసుకునేవారు.

ఆ రాత్రి లావుపాటాయన కథ మొత్తానికి పూర్తయింది. గాలమ్మాయి ఒక్కతే మొదటినుంచి చివరిదాకా విన్నది.

*

మంచు ముక్కని పట్టుకొచ్చింది వేరే సంస్థ మనిషి. నలభై దాటినవాడు, భారీ మనిషి, మెత్తటి గొంతు. అందరూ మంచుగారూ అని పిలుస్తుంటే ఆయన చేతిరుమాలుతో మెడ మీద చెమట తుడుచుకుంటూ "ఆఁ" అనేవాడు. చలిగా ఉన్న గదిలో కూడా ఆయనకి చెమట పడుతుంది. "మంచు ఇక్కడే కరిగిపోయేలా ఉంది, త్వరగా మొదలుపెట్టండి" అన్నాడు పెద్దాయన.

మొదటి పని గాలినీ మంచునీ కలపడం. మంచుగారు స్టాండర్డు తెరిచి, వేలు పెట్టుకుని చిన్నపిల్లాడిలా పెదాలు కదుపుతూ చదివాడు. గాలి పోర్టు దగ్గర ఉన్న సంగతి ఇది. గాలి లెక్క కాలంలో ముందుకి చిన్న చిన్న అడుగులు వేస్తుంది, కొద్ది నిమిషాలకొకటి. సముద్రమో మంచో అయితే అది నిదానం మనిషి, రోజుకొక్క పెద్ద అడుగు. అందుకని గాలి తను వేసే చిన్న అడుగుల్లో కిందికి పంపాల్సిన వేడిని ఒకచోట కూడబెట్టి ఉంచుతుంది. ఆ చోటుని గిన్నె అనేవారు. ఆ పేరు పెట్టింది వదినే. సముద్రం తన అడుగు వేసే ముందు గిన్నెలో ఎంతుందో చూసి తీసుకుంటుంది. స్టాండర్డులో కూడా అలాగే రాసుంది: గాలి గిన్నెలో కూడబెట్టాలి, తీసుకునేవారు తమ అడుగుకు ముందు తీసుకోవాలి.

మంచుగారు కలిపాడు. నడిపాడు. గోడ మీది పెద్ద తెర మీద భూగోళం కనిపించింది, నెత్తిన తెల్లటి టోపీలా మంచు. రోజులు గిర్రున తిరుగుతున్నాయి. జనవరి సగమయ్యేసరికి టోపీ చిన్నదయింది. నెలాఖరుకి టోపీయే లేదు. ఫిబ్రవరికి ధ్రువం దగ్గర నీళ్ళు సలసలా కాగుతున్నాయి.

"టీ నీళ్ళు సిద్ధం. ఆకు ఎవరు వేస్తారు?" అన్నాడు పెద్దాయన.

గది గొల్లుమంది. మంచుగారు కూడా నవ్వాడు గాని ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాదే ఎక్కడో పొరపాటు," అని గొణుక్కుని తన ముక్కని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు.

గాలమ్మాయి ఆయన్ని చూస్తూ కూర్చుంది. ఆయన తన లెక్కల్ని వెతుకుతున్నాడు, దాటిపోతున్నాడు, మళ్ళీ వెనక్కి వస్తున్నాడు. ఒక్కసారి కూడా గాలి పోర్టు వంక చూడలేదు. అంత పేరున్న సంస్థ రాసిన గాలిలో తప్పుంటుందని ఆయనకి తట్టలేదు. ఆ మాటకొస్తే ఆమెకీ తట్టలేదు. వదిన సముద్రంతో కలిపి ఏడాది పొడుగునా నడిపింది, ఎప్పుడూ ఏ గొడవా లేదు. ఒక్కటి మాత్రం ఆమె కంట్లో పడింది. తెర మూలన ఉన్న గీతలో, మంచుకి అందుతున్న వేడి రోజురోజుకీ మెట్లెక్కినట్టు పైకి పోతోంది. ఒక్కో రోజూ ఒక్కో మెట్టు. ఎక్కడా దిగదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పరీక్ష సంగతి తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు. వదిన కర్టెన్ల గురించి మాట్లాడింది. నీలం అయితే మాసినా తెలీదు, పసుపయితే గది వెలుగ్గా ఉంటుంది. గాలమ్మాయి ఊఁ కొట్టింది. దూరంగా గోడ పక్కన మంచుగారు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో స్టాండర్డు పేజీలు తిప్పుతున్నాడు.

తిరిగొచ్చాక పెద్దాయన గడియారం చూశాడు. "ఇలా అయితే తెమలదు. మూడూ కలిపి నడుపు నాయనా. ఏదయితే అదవుతుంది."

మంచుగారు గాలినీ, సముద్రాన్నీ, మంచునీ ముక్కల్ని వరసగా నడిపించే చట్రంలో బిగించాడు. వరస ఏమిటంటే, గాలి తన చిన్న అడుగులు పూర్తి చేస్తుంది, తర్వాత సముద్రం ఒక అడుగు, ఆ తర్వాత మంచు ఒక అడుగు. మళ్ళీ గాలి. రన్ నొక్కి, ఆయన కళ్ళు మూసుకున్నాడు.

జనవరి గడిచింది. మంచు ఉంది. ఫిబ్రవరి గడిచింది. ఉంది. ఏప్రిల్లో వెనక వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నెల నెలకీ తెర మీద పడే లెక్కల పట్టీలో గాలి ఇచ్చిన వేడి ఒక పక్క, కిందివాళ్ళకి అందిన వేడి ఇంకో పక్క, రెండూ చివరి అంకె దాకా సరిపోతున్నాయి. మంచుగారు ఒక కన్ను తెరిచి చూసి, రెండోది కూడా తెరిచాడు.

"నేనేమీ మార్చలేదండీ. అదే బాగయింది!" అన్నాడు.

"సముద్రం వచ్చేసరికి ఇల్లు చక్కబడిందన్నమాట," అన్నాడు పెద్దాయన. వదిన పొంగిపోయింది. మాట్లాడకూడదు కాబట్టి రెండు చేతులూ పైకెత్తి, అది సైగ కిందికి వస్తుందేమోనని గభాలున దించేసింది. పెద్దాయన జేబులోంచి పెన్ను తీశాడు. ఒప్పుదల కాగితం బల్ల మీద ఉంది. డిసెంబరు దాకా తిరగనిచ్చి సంతకం పెడితే పని పూర్తి.

గాలమ్మాయి గుండె తేలికైంది. ఆమె కూడా నవ్వబోయింది. నవ్వబోయి, తెర మీద తెల్లటి టోపీ వంక చూసింది.

జులై వచ్చింది. టోపీ అలాగే ఉంది. ఆగస్టు వచ్చింది. అలాగే ఉంది. కరగకపోవడం వేరు, కదలకపోవడం వేరు. అంచున ఉన్న ఒక చిన్న వంకర, కుక్క చెవిలా ఉన్నది, జనవరిలో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఫొటో తీసి అంటించినట్టు. ఎండాకాలం దాని మీదుగా నడిచిపోయింది గాని దానికి తెలీనే లేదు.

మంచుకి వేడి అందడం లేదు. ఒక్క బొట్టు కూడా. మరి లెక్క ఎలా సరిపోయింది? అంటే మొత్తం సముద్రమే తీసుకుంటోంది.

అప్పుడు ఆమెకి వంటింటి సింకు కళ్ళ ముందు కనిపించింది. వదిన నురగ చేతులతో గిన్నె బోర్లిస్తూ అన్న మాట వినిపించింది. "అమ్మాయ్, నువ్వు పోస్తూ పో. నేను తీసుకున్నాక నేనే కడిగేస్తాలే. మనింటి రూలేగా." తను "సరే వదినా" అంది. అంతే. వదిన సముద్రంలో ఒక వరస రాసింది: గిన్నెలోది తీసుకున్నాక గిన్నెని సున్నా చెయ్యి. గాలమ్మాయి గాలిలో ఆ వరస రాయలేదు, వదిన రాస్తోంది కాబట్టి. స్టాండర్డులో ఇద్దరూ రాయలేదు. అది చెప్పాల్సిన సంగతని ఇద్దరికీ అనిపించలేదు. సొంతింటి సింకు గురించి ఎవరైనా స్టాండర్డులో రాస్తారా?

కంప్యూటర్లో అంకెని చదివినంత మాత్రాన అది తరగదు, అక్కడే ఉంటుంది. మంచుగారు పొద్దున్న గిన్నెలోది చదివాడు, తీసుకున్నాడు, ఖాళీ చేయలేదు. చేయమని ఎవరు చెప్పారు గనక? నిన్నటి వేడి మీద ఇవాళ్టిది, దాని మీద రేపటిది చేరి పాపం ఆయన మంచు మరిగిపోయింది. ఇప్పుడు మూడూ కలిసేసరికి ముందు సముద్రం వెళ్ళి అంతా తీసుకుని గిన్నె శుభ్రంగా కడిగేస్తోంది. వెనకాల వెళ్ళిన మంచుకి తళతళలాడే ఖాళీ గిన్నె.

గాలమ్మాయి వదిన వంక చూసింది. వదిన ఇంకా నవ్వుతోంది. ఆడపడుచు ముఖం చూసి, ఆమె చూపు ఎటు పోయిందో అటు చూసింది. కుక్క చెవి దగ్గర వదిన చూపు ఆగింది. నవ్వు మెల్లగా జారిపోయింది. ఆవిడ ఒక అరచెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్టోబరు. పెద్దాయన పెన్ను మూత తీశాడు.

నోరు మూసుకుంటే గాలి గెలుస్తుంది. రెండేళ్ళ పని రేపటినుంచి కొత్త యంత్రం మీద నడుస్తుంది. తర్వాత ఎప్పుడో తీరిగ్గా ఒక ఈమెయిల్ రాయొచ్చు. ఎప్పుడూ చేసేది అదేగా. కానీ రేపటినుంచి ఆ యంత్రం అందరికీ రాబోయే ఎండాకాలం చెబుతుంది, అందులో మంచు ఫొటోలా ఉంటుంది. ఇంకెక్కడో ఇంకో పెద్దమనిషి ఇంకో ముక్క తెచ్చి కలిపి, మెడ తుడుచుకుంటూ, నాదే పొరపాటు, నాదే పొరపాటని వెతుక్కుంటూ ఉంటాడు.

"మంచు కదలట్లేదండీ," అంది గాలమ్మాయి.

పెద్దాయన పెన్నుతో సహా వెనక్కి తిరిగాడు.

"ఎవరది మాట్లాడింది?"

"గాలండీ," అన్నారు వెనక వరసలో.

"గాలా? మన గాలా?"

"నేనేనండీ." ఆమె లేచి నిలబడింది. "వేసవి వచ్చిపోయినా మంచు వెంట్రుకవాసి కూడా కదలలేదు. తప్పు మంచుగారిది కాదు. స్టాండర్డులోనూ లేదు. మా ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఉండటమేమిటమ్మా?"

ఆమె చెప్పింది. గిన్నె సంగతి, సింకు సంగతి, ఎవరు తిన్నది వాళ్ళే కడగాలన్న రూలు సంగతి. వెనక వరసలో ఒకాయన నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేశాడు. వదిన రెండు చేతులతో నోరు అదుముకుని, ముఖం టమాటాలా చేసుకుని, కళ్ళతోనే అందరికీ క్షమాపణ చెబుతోంది.

మంచుగారు మాత్రం నవ్వలేదు. "అయితే నాది కాదన్నమాట," అన్నాడు మెల్లగా. పొద్దున్నుంచీ మొదటిసారి ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దాయన పెన్ను మూత పెట్టేశాడు. "మంచి పనే చేశావు. కానీ రూలు రూలే. మాట జారావు, నీ ముక్కని ఈ రోజు ముట్టుకోవడానికి లేదు. రేపు యంత్రం వాళ్ళు వస్తారు, నేను బండ ఎక్కించమని చెప్పక తప్పదు."

గాలమ్మాయి తలూపి కూర్చోబోయింది.

"ఆవిడ ముట్టుకోకూడదు," అన్నాడు మంచుగారు. "నేను ముట్టుకోవచ్చుగా?"

"నువ్వా? ఆ గాలిని నువ్వు పొద్దున్నేగా చూడటం!"

"అందుకేగా అండీ ఈ పరీక్ష పెట్టింది? ఆవిణ్ణి నాకు ఒక్క మాట కూడా చెప్పొద్దనండి. స్టాండర్డులో లేని వాక్యం రాయమనండి. దాన్ని చదివి నేను బాగుచేస్తాను. చేయలేకపోతే అప్పుడు మీ బండ ఎలాగూ ఉంది."

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఎదుటివాడి మాటలో న్యాయం కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మండేది, అయినా ఒప్పుకునేవాడు. "కానివ్వండి," అన్నాడు.

గాలమ్మాయి తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళింది. "తీసుకున్నవాళ్ళే ఖాళీ చేయాలని రాసెయ్, అయిపోయె!" అన్నారు ఎవరో. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఆ రూలు నడిచిందంటే పోసేది ఒకరు, తినేది ఒకరు కాబట్టి. తినేవాళ్ళు ఇద్దరై గిన్నె ఒకటే అయితే ముందొచ్చినవాళ్ళు ఊడ్చేస్తారు. ఆమె చాలాసేపు ఆలోచించి రాసింది:

ఇచ్చే ముక్క, తీసుకునే ఒక్కొక్కరికీ ఒక్కో గిన్నె పెట్టాలి. ఎవరి చోటుకు చెందిన వేడి వారి గిన్నెలోనే వేయాలి. గిన్నె ఖాళీ చేయాల్సింది ఇచ్చినవారే. తీసుకునేవారు దాన్ని మార్చకూడదు.

అందరూ ఒప్పుకున్నారు. వదిన చప్పుడు చేయకుండా సముద్రం తెరిచి, తను రాసిన ఆ ఒక్క వరసా తుడిచేసింది. ఆవిడ నోరు జారలేదు కాబట్టి తన సముద్రాన్ని తను ముట్టుకోవచ్చు. మంచుగారు గాలిని తెరిచాడు.

తను రాసిన గాలిలో ఇంకొకరి చేతులు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం తేలిక కాదు. గాలమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుంది. మంచుగారు రెండు గిన్నెలు పెట్టాడు. సముద్రం మీద పడే వేడిని ఒకదాంట్లోకి, మంచు మీద పడే వేడిని ఇంకోదాంట్లోకి మళ్ళించాడు. చకచకా సాగుతున్న వేలు మూడో వాక్యం దగ్గర ఆగింది. ఆయన బోర్డు వంక చూశాడు, తెర వంక చూశాడు, మళ్ళీ బోర్డు వంక చూశాడు. వేలు గాల్లోనే ఉంది.

ఆ వేలు ఎందుకు ఆగిందో గాలమ్మాయికి అర్థమైంది. ఇచ్చినవారే ఖాళీ చేయాలి, సరే. ఎప్పుడు? ముందే చేస్తే అందదు, ఆలస్యమైతే పేరుకుపోతుంది. ఆమె మాట్లాడకుండా లేచి వెళ్ళి, "ఖాళీ చేయాల్సింది" అన్నదాని ముందు "వారు తీసుకున్న వెంటనే" అని చేర్చింది. అందరి వైపూ తిరిగి చూసింది. అందరూ తలలూపారు. మంచుగారి వేలు దిగింది.

*

కిటికీ అవతల వీధి దీపాలు వెలిగే వేళకి రన్ నొక్కారు. ఈసారి ఎవరూ జోకులు వేయలేదు. జనవరి, ఫిబ్రవరి, మార్చి. తెల్లటి టోపీ కొంచెం పెరిగింది, ఆగింది. మే వచ్చేసరికి అంచులు పల్చబడ్డాయి. కుక్క చెవి ముందు సన్నబడి, తర్వాత తెగి, జూన్లో కనిపించకుండా పోయింది. ఆగస్టు దాటాక తెలుపు మళ్ళీ మెల్లగా పాకడం మొదలుపెట్టింది. టోపీ లోపలికి పోతూ బయటికి వస్తూ ఊపిరి తీసుకుంటున్నట్టుంది. మూలన గీత మెట్లెక్కడం మానేసి కొండలా లేచి కొండలా దిగింది. లెక్కల పట్టీలో రెండు పక్కలా సరిపోయింది.

"అమ్మయ్యా!" అని గావుకేక పెట్టింది వదిన.

తెర మీద అప్పటికింకా నవంబరే. ఆవిడ నాలుక కరుచుకుంది.

"సముద్రం కూడా జారింది!" అని గదంతా కేకలు. "టీ! టీ!"

"ఇక ముట్టుకోవడానికి ఏమీ లేదు లెండి, జారితే జారింది," అని పెద్దాయన డిసెంబరు చివరి రోజు తిరిగేదాకా ఆగి సంతకం పెట్టాడు. కాగితం మడుస్తూ గాలమ్మాయి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బండలో వాన లెక్కలు నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు రాశాను. అవి మాత్రం ఇప్పటికీ బాగుంటాయి. దాన్ని కోసి విడి ముక్క చేసి, పోర్టు పెట్టిస్తావా?"

"చూసి చెప్తానండీ," అంది అలవాటుగా. వెంటనే సర్దుకుని, "పెడదామండీ. చాలా బాగుంటుంది," అంది.

మర్నాటినుంచి ఆడపడుచూ వదినా కలిసి టీ పెట్టారు. పెట్టడం దాకా బాగానే ఉంది. తాగాక ఎవరి కప్పు వాళ్ళు కడుక్కుంటారనుకుంటే ఒక్కరూ కదల్లేదు. పెద్దాయన ఖాళీ కప్పు బల్ల మీదకి జరిపి, బోర్డు మీద ఇంకా తుడవని వాక్యాలు వేలితో చూపించాడు.

"కడగాల్సింది ఇచ్చినవారే. తీసుకునేవారు ముట్టుకోకూడదు. మేం స్టాండర్డు తప్పితే ఎలాగమ్మా?"

ఆ సాయంత్రం ఈ ముచ్చట ఇంట్లో చెప్తే అన్నయ్య పడీ పడీ నవ్వాడు. తిన్న పళ్ళెం అక్కడే వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"భేష్. మంచి రూలు. ఇన్నేళ్ళకి ఈ ఇంటికి ఒక మంచి రూలు వచ్చింది. తీసుకున్నవాణ్ణి నేను, ముట్టుకోను. ఇచ్చినవాళ్ళు ఎవరో వచ్చి కడగండి."

వదిన గాలమ్మాయి వంక చూసింది. గాలమ్మాయి వదిన వంక చూసింది. ఇద్దరూ తిన్న పళ్ళేలు తీసుకెళ్ళి ఆయన పళ్ళెం మీద జాగ్రత్తగా పేర్చారు.

"అన్నయ్యా," అంది గాలమ్మాయి, "మేం పొద్దుపోయి వచ్చాం కదా. ఇవాళ వండిందీ, వడ్డించిందీ ఎవరు?"

అన్నయ్య పొయ్యి మీద తను వండిన కూర గిన్నె వంక చూశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ సింకు వైపు నడిచాడు.